ఆవులిస్తే ఒప్పుకున్నట్టే

ఆయన పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను మిషన్ ముందు కూర్చుని, పెళ్ళి గుర్రం మీద కప్పే ఎర్ర మఖ్మల్ గుడ్డకు జరీ అంచు కుడుతున్నాను. మా ఆయన ఫోను చెవికి ఆనించుకుని "అయ్యో, ఎట్ల, ఎప్పుడు" అంటున్నాడు. నేను మిషన్ ఆపలేదు. అంచు చివరిదాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు ఎవరని అడిగాను. "ఉస్తాద్ పోయిండంట" అన్నాడు. "ఓహో" అన్నాను. మా ఆయనకు కోపమొచ్చింది. మనిషి పోయాడని వింటే పాపం అనాలట. నాకు ఆ మాట నోట్లోంచి రాలేదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పుకుని బతికే మాలాంటి వాళ్ళందరికీ ఆయన ఉస్తాద్. ఎవరూ అసలు పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. గుర్రాలకు నూనె మర్దన చేసేవాడు, ఆకులు వేడిచేసి కాపడం పెట్టేవాడు, కషాయాలు తాగించేవాడు. మాడుగులపల్లి దగ్గర గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టి, గొర్రెపిల్లల కాళ్ళకు కట్లు కట్టడం నేర్చి, అక్కణ్ణుంచి గుర్రాల దాకా వచ్చాడట. ఇంతకుమించి ఆయన చరిత్ర నాకు తెలియదు. నాకు తెలిసినవి ఆయన చేతులు, ఆయన నోరు. చేతులు బంగారం. నోటి సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా కొట్టంలోకి ఆయన రావడమే ఒక తంతు. చెప్పులు రోడ్డు మీదే విడిచేవాడు. లోపలికొచ్చి గుర్రం వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. దానికి వీపు చూపించి, తువ్వాలతో మెడ తుడుచుకుంటూ, పైకప్పు రేకులకు ఎన్ని చిల్లులున్నాయో చూస్తున్నట్టు నిలబడేవాడు. కాసేపటికి గుర్రమే ఓపలేక ముందుకొచ్చి ఆయన భుజం వాసన చూసేది. అప్పటిదాకా ఆయన తిరిగేవాడు కాదు. మనం తొందరపెడితే కసిరేవాడు.

"ముందుగాల వాళ్ళు నన్ను సూడాలె. తర్వాత నేను వాళ్ళను సూస్త. నీకేం పరేషాను?"

వాళ్ళు అంటే గుర్రాలు. ఆయనకు గుర్రాలన్నీ వాళ్ళు, వీళ్ళు, మీరు. "జర గిటు తిరుగుండ్రి తల్లీ, అగో, ఇగ నిలవడుండ్రి" అని మా గుర్రంతో అంత మర్యాదగా మాట్లాడే మనిషి, గుర్రం యజమాని వైపు తిరిగి "ఏయ్, గా బకెట్ జరుపు, కండ్లు లేవా" అనేవాడు. కాళ్ళకు గజ్జెలు కట్టే కుర్రాళ్ళ నుంచి ఫంక్షన్ హాలు ఓనరు దాకా ఆయన తిట్టని మనిషి లేడు. తిట్లు తిని నవ్వుకునేవాళ్ళం. పని తెలిసిన మనిషి తిడితే మనకు అదో గౌరవం.

తర్వాత అరచేయి గుర్రం చెవుల వెనక, మెడ మొదట్లో ఆనించేవాడు. నొక్కేవాడు కాదు, రుద్దేవాడు కాదు. ఊరికే ఆనించి ఉంచేవాడు. "నొక్కితే నొప్పి దాసుకుంటది" అనేవాడు. చూస్తుండగానే గుర్రం కళ్ళు మూతలు పడేవి, కింది పెదవి వేలాడేది, నాలుకతో పెదాలు నాక్కునేది. చివరకు నోరంతా తెరిచి పెద్దగా ఆవులించేది. అప్పుడు ఆయన చెయ్యి తీసి, మన వైపు తిరిగి, ఒక్క మాట అనేవాడు.

"ఒప్పుకున్నది."

ఏం ఒప్పుకుందని మొదటిసారి అడిగాను. "నొప్పి ఉన్నదని ఒప్పుకున్నది బిడ్డా. ఒప్పుకున్నంక ఇగ దాని పని పోవుడే" అన్నాడు. ఆ తర్వాతే నువ్వుల నూనెలో వాము, వెల్లుల్లి కాచిన తన ఇత్తడి గిన్నె ముందుకు లాగి, మెడ నుంచి మూపు మీదుగా నడుము దాకా మర్దన మొదలుపెట్టేవాడు. వావిలాకు వేడిచేసి మూట కట్టి కాపడం పెట్టేవాడు. ఆయన పని ముగించి వెళ్ళిపోయాక కూడా ఆ వాసన మా కొట్టాన్ని వదిలేది కాదు. అప్పట్లో నాకు అది ఇష్టంగా ఉండేది, అది కూడా చెప్పాలి.

ఆ ఒప్పుకున్నది అన్న మాట మా ఇంట్లో ఊతపదమైపోయింది. మా ఆయన నాతో పోట్లాడి, మూతి ముడుచుకుని అన్నం తిని, లేచి ఆవులిస్తే "ఒప్పుకున్నవా మరి" అనేదాన్ని. ఆయన నవ్వేవాడు. పోట్లాట అంతటితో అయిపోయేది. ఒక మాట ఇంటికి అంత పని చేసి పెడుతుందని నేను అనుకోలేదు.

ఉస్తాద్ మా ఇంటికి మొదట వచ్చింది చాందిని కోసం. చాందిని మా తెల్ల గుర్రం. కోదాడలో ఒక బరాత్‌లో డీజే బాక్సులు ఒక్కసారి మోగేసరికి బెదిరి, వెనక కాలు రోడ్డు పక్క మురుగు మోరీలో వేసింది. పెళ్ళికొడుకు దాని మెడ పట్టుకుని వేలాడాడు, ఫోటోగ్రాఫర్ మాత్రం చాలా సంతోషించాడు. ఆ రోజు నుంచి చాందిని వీపు మీద జీను పెట్టనివ్వలేదు. పెట్టబోతే కరిచేది. సూదిమందు వేయిస్తే తగ్గేది, మళ్ళీ మొదటికి వచ్చేది. అప్పుడు ఎవరో చెబితే ఈయన్ని పిలిచాం. రోజూ పొద్దున్నే మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు, మా ఇంటికి, బస్సులో వచ్చేవాడు. ఒకరోజు చాందిని ఆవులించింది, ఆయన ఒప్పుకున్నదన్నాడు, ఆ వారమే అది జీను వేయించుకుంది. నేను కుట్టిన కొత్త మఖ్మల్ గుడ్డ కప్పి వీధిలో నడిపిస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఆయన కాళ్ళకు మొక్కబోతే వెనక్కి జరిగి "గవన్నీ వద్దు, గా నూనె గిన్నె కడుగుపో" అన్నాడు. ఆ పూట నుంచి ఆయన నాకు కాక, బాబాయి వరస.

తర్వాత ఒకసారి హైదరాబాద్ వైపు నుంచి గుర్రపు స్వారీ నేర్పేవాళ్ళు ఎవరో కారులో వచ్చి ఆయన పని వీడియో తీసుకున్నారు. విదేశాల్లో దీన్ని పెద్ద చదువుగా చదువుతారని, గుర్రం ఆవులించడానికి అక్కడ కూడా ఒక పేరుందని చెప్పి వెళ్ళారు. ఇక ఆయన కాళ్ళు నేల మీద ఆగలేదు. మిర్యాలగూడలో ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టించాడు. గుర్రం మెడ మీద చేయివేసి నిలబడ్డ ఆయన ఫోటో, కింద పెద్దక్షరాలతో "హౌస్ థెరపిస్ట్". ఫ్లెక్సీ కొట్టేవాడు హార్స్‌ను హౌస్ చేశాడు. త్రిపురారం నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, మా ఇంటికి వాస్తు బాగాలేదు, ఒకసారి చూసిపొమ్మని అడిగాడట. ఈయన పోయి చూశాడు కూడా! వంటగది గోడ మీద అరచేయి ఆనించి నిలబడ్డాడని చెప్పుకుని మూడూళ్ళ వాళ్ళం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఫ్లెక్సీ మాత్రం మార్పించలేదు. తప్పు పడిందంటే ఆయన వినలేదు, జనానికే చదవడం రాదన్నాడు.

మిర్యాలగూడలో ఆయన ఇంటికి నేనూ ఒకటి రెండుసార్లు పోయాను. ఆయన భార్యను చిన్నమ్మా అనేదాన్ని. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. నేల మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. మందుల షాపులో కొన్న ట్యూబు మందు తనే రాసుకునేది. మంచం కింద నూనె డబ్బాలు, అటకమీద ఆకుల మూటలు, ఇంటినిండా మందే. "చిన్నమ్మ మోకాలికి జర రుద్దరాదు కాకా" అని అడిగాను.

"మనుషులకు నేను చెయ్యి పెట్ట" అన్నాడు. "మనుషులు అబద్ధాలాడతరు. ఒకదగ్గర నొస్తే ఇంకోదగ్గర సూపెడతరు."

చిన్నమ్మ నవ్వి, గోడ పట్టుకుని లేచి, నాకు టీ పెట్టడానికి పోయింది. ఆమెకు ఆయనంటే నమ్మకం, భయం, ఆరాధన అన్నీ కలిపి ఉండేవి. ఆయన మాటలన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

ఇక చాందిని చనిపోయిన రోజు. పెళ్ళిళ్ళ సీజను. ముందురోజు మునగాలలో బరాత్, ఎండలో చాలాసేపు నిలబెట్టారు, నీళ్ళు సరిగా తాగలేదు. పొద్దున చూస్తే గడ్డి ముట్టలేదు. ముందు కాలితో నేల గీరుతోంది, మాటిమాటికీ తల తిప్పి తన డొక్క వైపు చూసుకుంటోంది. లద్దె వేయలేదు. పశువుల డాక్టర్‌ను పిలుద్దామన్నాను. మా ఆయన అప్పటికే ఉస్తాద్‌కు ఫోన్ చేశాడు.

ఆయన వచ్చాడు. ఆరోజు గుర్రానికి వీపు చూపించి నిలబడలేదు, నేరుగా పోయి చెవుల వెనక చెయ్యి పెట్టాడు. చాందిని ఆవులించింది. "ఒప్పుకున్నది" అన్నాడు. ఇంగువ, వాము, అల్లం వేసిన కషాయం వెదురు గొట్టంతో పోశాడు. సగం నోట్లోంచి కారిపోయింది. అది మళ్ళీ ఆవులించింది. ఆయన మా ఆయన వంక గర్వంగా చూశాడు.

గుర్రం కడుపు ఎప్పుడూ గుడగుడమంటూ ఉండాలని, కడుపు మాట్లాడాలని నాకు చెప్పింది ఆయనే. నేను పోయి చాందిని డొక్కకు చెవి ఆనించాను. ఏమీ వినపడలేదు.

"కాకా, కడుపు మాట్లాడుతలేదు."

"నిద్రవోతున్నది. మందు పడ్డది గదా."

"కడుపు నిద్రపోవుడేంది కాకా? జర నువ్వు చెవి పెట్టి సూడు."

చెవి పెట్టలేదు. ఆవులించిన గుర్రానికి ఇంక పరీక్షలేమిటని ఆయన ఉద్దేశం. నేను డాక్టర్‌కు చేద్దామని ఫోన్ తీశాను. ఆయన చెయ్యి గుర్రం మీంచి తీసేసి, తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఆయనొస్తే నేను పోత. ఒక్క ఒంటి మీద ఇద్దరి చేతులు వడొద్దు. మా కట్టుబాటు గది. ఎవలు గావాల్నో మీరే సోచాయించుకోండ్రి."

మా ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. లాక్కోలేదు, మెల్లగానే తీసుకున్నాడు. "జర ఆగు, ఉస్తాద్ ఉన్నడు గదా" అన్నాడు. ఆ మెల్లదనాన్ని నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

ఎండెక్కే కొద్దీ చాందిని ఒళ్ళంతా చెమట పట్టింది. పడుకుంటుంది, లేస్తుంది, మళ్ళీ పడుకుంటుంది. మధ్యలో పై పెదవి పైకి మడిచి, నోరు తెరిచి ఆవులిస్తుంది. ఒకటి కాదు, వరసగా. ప్రతి ఆవులింతకూ ఆయన ముఖం వెలిగింది. "సూడు, ఎట్ల ఒప్పుకుంటున్నరో! లోపలిదంత బయటికొస్తున్నది" అన్నాడు. దాని కళ్ళు నేను చూశాను. అవి సుఖంగా ఉన్న కళ్ళు కావు. దాన్ని రోజూ కడిగి, దువ్వి, బట్ట కొలిచే నాకు ఆ మాత్రం తెలియదా? చెప్పులు వేసుకుని, ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి పశువుల దవాఖానకు పోయాను.

డాక్టర్ నాతోనే వచ్చాడు. ఆయన ముందు గేటులోంచి అడుగుపెడుతుంటే మా ఉస్తాద్ ఇత్తడి గిన్నె తువ్వాలలో చుట్టుకుని పక్క సందులోంచి వెళ్ళిపోయాడు. చేతులు కూడా కడుక్కోలేదు. చాందిని అప్పటికి లేవడం మానేసింది. డాక్టర్ ముక్కులోంచి గొట్టం వేశాడు, సూదులు వేశాడు, చేయాల్సిందంతా చేశాడు. దీపాలు పెట్టే వేళకు అయిపోయింది.

ఆ డాక్టర్ కోదాడ వైపు మనిషి, మాటలో ఆంధ్ర యాస ఉండేది. "ముందే పిలిస్తే బతికేదని నేను చెప్పలేనమ్మా. బతికేది కాదని కూడా చెప్పలేను. పేగు మెలిపడినట్టుంది" అన్నాడు. పొద్దున్నుంచి ఆవులిస్తూనే ఉంది సార్, అందుకే నొప్పి పోతోందనుకున్నారు అన్నాను. ఆయన గొట్టం చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. "గుర్రం సుఖానికీ ఆవులిస్తుంది, నొప్పికీ ఆవులిస్తుందమ్మా. ఒక్క ఆవులింతే చూస్తే ఎట్లా? చెమట చూడొద్దా, కడుపు చూడొద్దా?"

నేనేమీ ఉస్తాద్‌ను జైల్లో వేయించాలనుకోలేదు. నష్టం కట్టమనలేదు. గుర్రం కడుపులో పేగు మెలిపడితే ఎంత మొనగాడైనా పొరపడవచ్చు, అదీ నాకు తెలుసు. నాకు కావాల్సింది ఒక్క మాట. "నాకు సమజ్ కాలే బిడ్డా" అంటే చాలు. ఆ మాట అనడానికి ఆయన మా ఇంటికి వస్తాడని చూశాను. రాలేదు. మా ఆయన ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాడు, కొత్త గుర్రం కొనేటప్పుడు సలహా కూడా అడిగాడు. మా ఇంట్లో మాత్రం ఎవరు ఆవులించినా ఎవరూ ఏమీ అనడం లేదు.

చివరికి మునగాల దగ్గర హైవే మీద ఒక ధాబాలో దొరికాడు. ఇద్దరు గుర్రాలవాళ్ళతో కూర్చుని టీలో బిస్కెట్ ముంచుకుంటున్నాడు. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను.

"కాకా, చాందినికి నొప్పిలేసి ఆవులించింది. నువ్వు ఒప్పుకున్నదన్నవ్."

ఆయన తల ఎత్తాడు. ముఖంలో తత్తరపాటు లేదు, కోపం లేదు. పిల్లలకు పాఠం చెప్పే మనిషి ఓర్పు ఉంది.

"చాందిని ఒప్పుకున్నది బిడ్డా. నువ్వే ఒప్పుకుంటలేవు."

పక్కనున్న ఇద్దరూ టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. బిస్కెట్ మెత్తబడి టీలో పడిపోయింది, ఆయన దాన్ని చెంచాతో తీసుకుని తిన్నాడు. నేను వచ్చిన దారినే వెనక్కి తిరిగాను. ఇంటికి వచ్చేదాకా, వచ్చాక కూడా, అనాల్సిన మాటలు వందరకాలుగా కూర్చుకున్నాను. ఇన్నాళ్ళూ కూర్చుకుంటూనే ఉన్నాను.

అందుకే మొన్న చావుకు పోనన్నదాన్ని కాస్తా, చివర్లో చీర మార్చుకుని బండెక్కాను. ఏడవడానికి కాదు. ఆ ఇంట్లో, ఆయన ముందర, కనీసం చిన్నమ్మతోనైనా ఆ మాట అనేసి రావాలని పోయాను. డాక్టర్ చెప్పింది అక్షరం పొల్లుపోకుండా దారిపొడుగునా మనసులో చెప్పుకున్నాను.

ఆ ఇంటి ముందు ఫ్లెక్సీ ఇంకా ఉంది. ఎండకు వెలిసి గుర్రం తెల్లబడింది. గుర్రాలవాళ్ళు చాలామంది వచ్చారు. చిన్నమ్మ ఆయన తల దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఎట్ల అయిందని నేను అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున్నుంచి వచ్చినవాళ్ళందరికీ చెప్పినట్టుంది, గొంతు బొంగురుపోయింది.

"నిన్న పొద్దుగాల లేసి ఛాతి పట్టేసిందన్నడు బిడ్డా. ఒల్లంత చెమటలు. వాయువే, కషాయం పెట్టుమన్నడు. పెట్టిచ్చిన. తగ్గలే. పక్కింటోళ్ళు భయపడి దవాఖానకు తీస్కపోదామని ఆటో పిలిసిండ్రు. నాక్కూడ భయమైంది. ఏంజెయ్యాల్నో తెల్వక, ఆయన గుర్రాలకు పెట్టినట్టె, మెడ ఎనక చెయ్యి పెట్టిన. ఇన్నేండ్లల్ల నన్ను ఎన్నడు పెట్టనియ్యలే. నిన్న పెట్టనిచ్చిండు."

ఆమె చెయ్యి ఎత్తి, గాలిలోనే అరచేయి ఆనించి చూపించింది. ఎక్కడా నొక్కలేదు. అచ్చం ఆయన చెయ్యే.

"పెట్టంగనే ఆవులిచ్చిండు బిడ్డా. ఒక్కటి గాదు, మల్ల మల్ల. నాకు ఎంత సంబురమైందో! ఒప్పుకున్నడు, ఇగ తగ్గుతదని నేనే ఆటోను ఎనక్కి పంపిచ్చిన."

ఆమె ముఖం నా ముఖానికి దగ్గరగా తెచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళకు వినపడకుండా గొంతు తగ్గించింది.

"నేను మంచిగనే జేసిన గదా బిడ్డా? ఆటోల ఎక్కియ్యకపోతి అని పక్కింటామె అంటున్నది. నీకు గుర్రాల సంగతి ఎరుక గదా. నువ్వు జెప్పు. ఒప్పుకున్నడు గదా?"

దారిపొడుగునా మోసుకొచ్చిన మాట నా నాలుక చివర ఉంది. ఎదురుగా ఆయన పడుకుని ఉన్నాడు, నోరు విప్పకుండా గుడ్డతో దవడ కట్టారు. నాకు అప్పుడు కూడా ఆయన మీద జాలి కలగలేదు. చచ్చి కూడా నెగ్గాడని, నాకు కావాల్సిన మాట ఇవ్వకపోగా తన మాటే నా నోటితో అనిపిస్తున్నాడని మండిపోయాను. చిన్నమ్మ నా చెయ్యి వదలలేదు. ఆమె మోకాళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"అవ్ చిన్నమ్మా," అన్నాను. "ఒప్పుకున్నడు."